రెండో ట్యాంకు కట్టించే ముందు: డెల్టా లారీ యజమానులకు బహిరంగ లేఖ

గోదావరి డెల్టా లారీ ఓనర్లకు, ట్రాన్స్‌పోర్టు ఆఫీసులు నడిపే పెద్దలకు నమస్కారం.

భీమవరం, ఆకివీడు, ఉండి నుంచి చేపలు. అంబాజీపేట నుంచి కొబ్బరికాయలు. రావులపాలెం నుంచి అరటి గెలలు. మండపేట వైపు మిల్లుల నుంచి బియ్యం. ఈ లోడ్లు ఎత్తే బండ్లకు రెండో డీజిల్ ట్యాంకు కట్టించాలా వద్దా అన్న మాట ఆఫీసుల్లో, గ్యారేజీల్లో ఎప్పుడూ నలుగుతూనే ఉంటుంది. కట్టించినవాళ్ళు లాభమంటారు, ఆ బండిని తోలేవాళ్ళూ బాగుచేసేవాళ్ళూ తలపట్టుకుంటారు. మేము ఆ రెండో రకం మనుషులం. ట్యాంకు వద్దని అడ్డుపడటానికి ఈ లేఖ రాయడం లేదు. ఏ బండికి కావాలి, ఏ బండికి అక్కర్లేదు, కట్టిస్తే ఎలా కట్టించాలి అన్నది లెక్కతో మీ ముందు పెడుతున్నాం. లెక్క తప్పనిపిస్తే మీ లాగ్ పుస్తకం పక్కన పెట్టుకుని సరిచూసుకోండి.

ముందు హౌరా రూటు తీసుకుందాం, ఎక్కువ మంది వాదించేది దాని గురించే కాబట్టి. భీమవరం నుంచి హౌరా సుమారు 1,150 కిలోమీటర్లు. పన్నెండు టైర్ల బండి లోడుతో లీటరుకు 4 కిలోమీటర్లు, ఖాళీ ట్రేలతో తిరిగొచ్చేటప్పుడు 5 ఇస్తుందనుకోండి. పోవడానికి 288 లీటర్లు, రావడానికి 230. మొత్తం 518. కంపెనీ ట్యాంకు 350 లీటర్లదైతే రెండు వైపులకూ సరిపోదన్నది నిజమే. కానీ రెండు వైపులకూ ఒకేచోట ఆయిలు కొట్టించాల్సిన పనేముంది?

ఆంధ్రప్రదేశ్‌లో డీజిల్ మీద 22.25 శాతం వ్యాట్, దాని మీద లీటరుకు 4 రూపాయలు, ఆపైన రోడ్డు సెస్సు మరో రూపాయి. కొన్నేళ్ళుగా ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో అడుగుపెడితే రేటు మనకన్నా తక్కువే. అంటే ఇది ఇక్కడ ఎక్కువ నింపుకుని పోవలసిన రూటు కాదు, తక్కువ నింపుకుని పోవలసిన రూటు. భీమవరం నుంచి ఇచ్ఛాపురం దాదాపు 520 కిలోమీటర్లు, లోడుతో 130 లీటర్లు. తిరుగు ప్రయాణంలో సరిహద్దుకు అవతల చివరి బంకులో ట్యాంకు ఫుల్లు కొట్టిస్తే 350 లీటర్లు. ఇంటికి చేరేసరికి 104 ఖర్చు, 246 మిగులు. మళ్ళీ లోడు ఎత్తుకుని ఒడిశా సరిహద్దు చేరేసరికి ఇంకో 130 పోతే, ట్యాంకులో 116 లీటర్లు ఉండగానే చౌక బంకు ముందు నిలబడి ఉంటారు. మధ్యలో ఆంధ్రాలో చుక్క కూడా కొనలేదు. రేటు తేడా మీద వచ్చే ఆదా అంతా కంపెనీ ట్యాంకుతోనే వచ్చేసింది. ఈ రూటులో రెండో ట్యాంకు దానికి అదనంగా తెచ్చేది సున్నా.

మద్రాసు వైపు పోయే బండ్లు తమిళనాడు అంచున ఉన్న తడ సరిహద్దును పెట్టుకుని ఇదే లెక్క వేసుకోవచ్చు. కోనసీమ నుంచి 216 జాతీయ రహదారి మీదుగా కాకినాడ, కత్తిపూడి పోయేవాళ్ళకు యానాం దారిలోనే తగులుతుంది. పుదుచ్చేరి పన్ను తక్కువ కాబట్టి అక్కడ రేటు తక్కువన్నది డెల్టాలో చిన్నపిల్లలకూ తెలుసు. ఆ దారిన పోయే బండి కంపెనీ ట్యాంకు నింపుకుంటే చాలు. తణుకు మీదుగా పోవలసిన భీమవరం బండిని యానాం తిప్పడం మాత్రం వేరే సంగతి. దారిలో ఊళ్ళు, వంతెనలు, స్పీడ్ బ్రేకర్లు, కాకినాడ ట్రాఫిక్, ఈలోపు పెట్టెల్లో కరిగే ఐసు. లీటరుకు 5 రూపాయల తేడా అనుకున్నా 300 లీటర్లకు 1,500. రెండు గంటలు ఆలస్యమై హౌరా మార్కెట్టులో తెల్లవారుజాము వేలం తప్పితే ఆ 1,500 ఏ మూలకు?

ఇక ఎవరూ పైకి చెప్పని కారణం ఒకటుంది. చాలాచోట్ల రెండో ట్యాంకు కట్టించేది డీజిల్ కోసం కాదు, అనుమానం కోసం. సొంతూరి బంకులో నెలవారీ ఖాతా ఉంటుంది, డ్రైవరు చేతికి డబ్బు ఇవ్వక్కర్లేదు, దారిలో తప్పుడు బిల్లు తెస్తాడన్న భయం ఉండదు. ఆ భయం అర్థం చేసుకోగలం. కానీ దానికి మందు ట్యాంకు కాదు. ఇండియన్ ఆయిల్ ఎక్స్‌ట్రాపవర్, భారత్ పెట్రోలియం స్మార్ట్‌ఫ్లీట్, హిందుస్థాన్ పెట్రోలియం డ్రైవ్‌ట్రాక్ ప్లస్ కార్డులు ఉన్నవి ఇందుకే. ఏ బంకులో, ఎన్ని లీటర్లు, ఏ టైముకు అన్నది మీ ఫోనుకే వస్తుంది. పైగా 350కి తోడు 300 లీటర్ల రెండో ట్యాంకు కట్టించి, రాత్రి ఢాబా దగ్గర నిలబెట్టిన బండిలో 650 లీటర్లు ఉంటే దొంగకు కూడా 650 లీటర్లు ఉన్నట్టే.

బరువు సంగతి. డీజిల్ లీటరు 830 గ్రాముల చొప్పున తూగుతుంది. 300 లీటర్లు అంటే 249 కిలోలు. ట్యాంకు, బ్రాకెట్లు, పట్టీలు, పైపులు కలిపి ఇంకో 50, 60. మొత్తం మీద మూడు క్వింటాళ్ళు. ఈ బరువు మోయడానికి మైలేజీ బాగా పడిపోతుందని కొందరు భయపెడతారు, అంత లేదు. ఇరవై ఎనిమిది టన్నుల బండికి మూడు క్వింటాళ్ళు ఒక శాతం పైమాటే, హౌరా దాకా పోతే రెండు లీటర్లు కూడా ఎక్కువ తాగదు. నష్టం వేరేచోట ఉంది. 2018లో బరువు పరిమితులు పెంచాక పది టైర్ల బండికి సరుకుతో సహా ఒప్పుకునే మొత్తం బరువు 28.5 టన్నులు. ముందు యాక్సిలుకు విడిగా ఇంకో పరిమితి ఉంది. లోడు అంచుకు కట్టే అలవాటున్న బండికి మూడు క్వింటాళ్ళ ట్యాంకు అంటే మూడు క్వింటాళ్ళ చేప తగ్గించాలి, లేదా కాటా దగ్గర దొరకాలి. మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద ఓవర్‌లోడుకు 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకూ 2,000, ఎక్కువైన సరుకు అక్కడే దింపించే ఖర్చు వేరే. ట్యాంకు ముందు యాక్సిలుకు కాస్త వెనకే కూర్చుంటుంది కాబట్టి దాని బరువులో పెద్ద వాటా ముందు చక్రాల మీదే పడుతుంది. మొత్తం బరువు సరిగ్గా ఉండి ముందు యాక్సిలు ఒక్కటే దాటిపోయే బండ్లు ఉన్నాయి. కాటా వేయించేటప్పుడు ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి ఒకసారి, బండంతా ఎక్కించి ఒకసారి చీటీ తీసుకోండి.

చట్టం గురించి ఒక్క పేరా. 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో రాసిన వివరాలు, తయారీదారు ఇచ్చిన కొలతలు మారిపోయేలా బండిని మార్చకూడదు. 182ఎ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ కింద ఓనరుకు ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. బ్రేకు ఇన్‌స్పెక్టర్ చూసీచూడనట్టు వదిలేస్తాడనుకోండి. బండి కాలిపోయిన రోజు వచ్చే ఇన్సూరెన్సు సర్వేయరు వదలడు. ఎక్కువ ట్యాంకు నిజంగా కావాలంటే దానికి సరైన సమయం కొత్త బండి బుక్ చేసేటప్పుడే. చాలా మోడళ్ళకు పెద్ద ట్యాంకు కంపెనీ నుంచే దొరుకుతుంది. ఆ కొలత కొటేషన్‌లో, ఇన్‌వాయిస్‌లో రాయించుకోండి. తర్వాత రేకుల షాపులో కట్టించుకున్న దానికి కాగితం ఉండదు.

ఆ రేకుల షాపు ట్యాంకుల గురించే అసలు చెప్పాలి.

ధాన్యం గాదెలు, నీళ్ళ ట్యాంకులు చేసే చేత్తోనే డీజిల్ ట్యాంకూ చేయిస్తారు. జీఐ రేకు, అంటే జింకు పూత వేసిన ఇనప రేకు, తుప్పు పట్టదు కదా అని అదే వాడతారు. నీళ్ళకు మంచిదే, డీజిల్‌కు అదే విషం. రేకు మీది జింకు డీజిల్‌లోని ఆమ్లాలతో కలిసి సబ్బులాంటి మడ్డి అవుతుంది, అది ఫిల్టరులోంచి కూడా జారిపోయి ఇంజెక్టర్ల మొన దగ్గర గట్టిపడుతుంది. రాగి పైపులకూ ఇదే జబ్బు. మామూలు ఇనప రేకైతే డీజిల్ మట్టం కింద బాగానే ఉంటుంది, మట్టం పైన ఖాళీ ఉన్న భాగంలో తుప్పు పొరలు లేస్తాయి. పాత పంపు, పాత నాజిళ్ళ బండ్లు ఈ చెత్తను ఎలాగో మింగేసేవి. కొత్త పొగ నిబంధనల ప్రకారం వచ్చే బీఎస్-6 బండ్ల కామన్ రైలు ఇంజెక్టరు 1,600 బార్లు దాటిన ఒత్తిడిలో వెంట్రుక కన్నా సన్నని రంధ్రంలోంచి చిమ్ముతుంది. దానికి ఒక్క తుప్పు రేణువు చాలు. ఆరు ఇంజెక్టర్ల బిల్లు చూసిన ఓనరును లీటరుకు 5 రూపాయల ఆదా గురించి అడగండి. అసలుకే ఎసరు అంటే ఏమిటో చెబుతాడు.

లోపల అడ్డ పలకలు లేని ట్యాంకు ఇంకో తలనొప్పి. సగం నిండిన 300 లీటర్ల ట్యాంకులో బ్రేకు కొట్టినప్పుడల్లా నూట పాతిక కిలోల ద్రవం ముందు గోడను గుద్దుతుంది. రాజమండ్రి నుంచి శ్రీకాకుళం పోయేలోపు ఎన్నిసార్లు బ్రేకు కొడతారో లెక్కేయండి. మూల అతుకుల దగ్గర వెంట్రుకంత బీట వస్తుంది. మొదట చెమటలాగా తడి, దాని మీద దుమ్ము అంటుకుని నల్లటి మరక. డ్రైవరు ఆ మరకను చూసినప్పుడే చెబితే ట్యాంకు దక్కుతుంది. దారిలో చుక్కలు కారడం మొదలైతే బట్టల సబ్బును గట్టిగా రుద్ది బీటలో నింపితే కొన్ని వందల కిలోమీటర్లు ఆపుతుంది, డీజిల్‌కు సబ్బు కరగదు. అది ఊరు చేర్చడానికే. ఇంటికొచ్చాక సబ్బు గీకేసి మామూలుగా తిరగడానికి కాదు.

ఆ ట్యాంకును బండి మీదే ఉంచి వెల్డింగు పెట్టించే అలవాటు దయచేసి మానిపించండి. డీజిల్ పెట్రోలులా అంటుకోదు కదా అన్న ధీమా మంటకు ముందు పనికిరాదు. బయట వెల్డింగు వేడికి లోపలి గోడకు పట్టిన జిడ్డు పొగై, ఖాళీ ట్యాంకు బాంబులా పేలుతుంది. ఖాళీగా ఉన్న ట్యాంకే నిండు ట్యాంకు కన్నా ప్రమాదం. దించాలి, వేడినీళ్ళు, సర్ఫుతో రెండుసార్లు కడగాలి, అతుకు పెట్టేచోటు దాకా నీళ్ళు నింపి, మూతలన్నీ తెరిచిపెట్టి అప్పుడు రాడ్డు ముట్టించాలి. ఛాసీ మీద ఏ వెల్డింగు చేసినా ముందు బ్యాటరీ తీగలు, ఈసీయూ (ఇంజినును నడిపే కంప్యూటరు) కనెక్టరు తీసేయాలి. అసలు బ్రాకెట్లను ఛాసీకి వెల్డింగు చేయకూడదు, ఛాసీ పైపట్టీకి, కిందపట్టీకి రంధ్రం వేయకూడదు. నిలువు పలకలో కంపెనీ వేసిన రంధ్రాలున్నాయి, బోల్టులు వాటిలోనే. కింద పట్టీలో వేసిన అరంగుళం రంధ్రం దగ్గర ఏడాది తిరక్కుండా ఛాసీ చీలుతుంది.

ఎక్కడ పెట్టాలన్నది కూడా ఇప్పుడు చిక్కే. పాత బండికి కంపెనీ ట్యాంకుకు ఎదుటి పక్క ఛాసీ ఖాళీగా ఉండేది. బీఎస్-6 బండిలో ఆ ఖాళీలో సైలెన్సరు పెట్టె కూర్చుంది. మసి కాల్చుకునేటప్పుడు దాని లోపలి వేడి 500, 600 డిగ్రీలు. మిగిలిన ఖాళీలో ఇరికించాలని ఈ పెట్టెకు జానెడు దూరంలో ట్యాంకు బిగిస్తున్నారు. కనీసం అడుగున్నర దూరం, మధ్యలో వేడి ఆపే రేకు, ట్యాంకు మూత ఆ పెట్టె వైపు కాకుండా ఉండాలి. అంత చోటు లేకపోతే ఆ బండికి రెండో ట్యాంకు రాసిపెట్టి లేదనుకుని వదిలేయాలి.

ఇక పైపులు. ఎక్కువ బండ్లు ఆగిపోయేది ఇక్కడే.

ఇంజిను గంటకు కాల్చేది పన్నెండు, పదమూడు లీటర్లు. పంపు లాగేది దానికన్నా చాలా ఎక్కువ, మిగిలింది రిటర్న్ పైపులో వెనక్కి వస్తుంది, అదీ వేడిగా. రెండో ట్యాంకు నుంచి లాగేలా వాల్వు పెట్టి, రిటర్నును మొదటి ట్యాంకుకే వదిలేస్తే ఏమవుతుంది? మొదటిది నిండి మూతలోంచి పొర్లుతుంది, రెండోది ఖాళీ అయి పంపు గాలి పీలుస్తుంది. డ్రైవరు దృష్టిలో రెండు ట్యాంకుల నిండా డీజిల్ ఉంది, బండి మాత్రం ఎయిర్ పట్టి టోల్ గేటు ముందు ఆగింది. వాల్వు పెడితే లాగే పైపు, రిటర్న్ పైపు రెండూ ఒకేసారి మారే జంట వాల్వే పెట్టాలి. గేజి కూడా దానితోపాటే మారాలి, లేకపోతే మీటరు ముల్లు ఎప్పుడూ ఒకే ట్యాంకు కథ చెబుతుంది.

ఇంకో పద్ధతి, రెండు ట్యాంకుల అడుగులు కలుపుతూ ఒక పైపు. మట్టం దానంతటదే సమానమవుతుందని వెల్డర్లు ఇష్టపడతారు. డెల్టాలో దీనికి ఒక ప్రత్యేకమైన కష్టం ఉంది. మన రోడ్లలో సగం కాలువ గట్లు, ఒక పక్కకు వాలి ఉంటాయి. లాకుల దగ్గరో, చేపల ప్యాకింగు షెడ్డు ముందో రాత్రంతా వాలుగా నిలబెట్టిన బండిలో పై ట్యాంకు డీజిల్ అంతా కింది ట్యాంకులోకి దిగుతుంది. నిండుగా కొట్టించి ఉంటే తెల్లారేసరికి కింది మూతలోంచి కారి గట్టు కింద కాలువలో రంగుల తెట్టు. ఆ నీళ్ళు చెరువుల్లోకి, చేలల్లోకి పోయేవే. కాబట్టి ఈ పైపుకు రెండు కొసల్లోనూ బాల్ వాల్వులు ఉండాలి, బండి ఆపగానే కట్టేయాలి. పైపు లోపలి వెడల్పు ఇరవై ఐదు మిల్లీమీటర్లకు తగ్గితే మట్టం సమానం కాదు. అది ఛాసీ అడ్డ బీములకన్నా కిందికి వేలాడకూడదు. స్పీడ్ బ్రేకరుకు ఒక్క దెబ్బ తగిలితే రెండు ట్యాంకులూ రోడ్డు మీద ఖాళీ అవుతాయి.

కట్టక తప్పదంటే మేము చెప్పేది మూడో పద్ధతి. రెండో ట్యాంకును ఇంజినుకు కలపొద్దు. 24 వోల్టుల చిన్న డీజిల్ పంపుతో, మధ్యలో ఒక ఫిల్టరు పెట్టి, మొదటి ట్యాంకు పైభాగంలోకి ఎక్కించండి. ఇంజినుకు తెలిసింది కంపెనీ ట్యాంకు ఒక్కటే, దాని రిటర్న్, దాని గేజి ఎక్కడివక్కడే. పంపు కరెంటు తాళం తిప్పితేనే వచ్చేలా రిలే, 10 యాంపుల ఫ్యూజు. మొదటి ట్యాంకులో బంతి స్విచ్చు పెడితే నిండగానే పంపు ఆగుతుంది. అది లేకుండా డ్రైవరు జ్ఞాపకశక్తి మీద వదిలేస్తే ఏదో ఒక రాత్రి మరిచిపోతాడు, ట్యాంకు పొర్లుతుంది. పొలాల్లో నీళ్ళకు వాడే పంపు, నీళ్ళ రబ్బరు పైపు పెట్టొద్దు. ఆ రబ్బరు డీజిల్ తాగి వారంలో మెత్తబడి ఉబ్బుతుంది. నైట్రైల్ రబ్బరు పైపు అని అడిగి తీసుకోండి, క్లిప్పులు కొసకు రెండేసి.

ఏ పద్ధతైనా ప్రతి ట్యాంకుకూ సొంతంగా గాలి రంధ్రం ఉండాలి. చేపల బండిని కడిగేటప్పుడు బురద కొట్టుకుని ఇది మూసుకుపోతుంది. గుర్తు సులభం: మూత తిప్పగానే బుస్సుమని గాలి లోపలికి పోతుంది. ఇంకా ముదిరితే ట్యాంకు పక్కలు లోపలికి నొక్కుకుపోతాయి, వంతెన ఎక్కేటప్పుడు పికప్ పడిపోతుంది, ఇంజెక్టర్లు పోయాయని గ్యారేజీకి తెస్తారు. పిన్నీసుతో పొడిచి ఊదితే పోయే జబ్బు.

ఇప్పుడు నీళ్ళ సంగతి. డెల్టా గాలిలో ఎంత చెమ్మ ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. సగం ఖాళీ ట్యాంకు పగలంతా ఎండలో వేడెక్కి, తెల్లవారుజామున చల్లబడినప్పుడు ఖాళీలోని గాలి చెమ్మ లోపలి గోడకు పట్టి అడుగుకు జారుతుంది. చుక్కలే, రోజుకిన్ని చొప్పున. నీళ్ళు డీజిల్ కన్నా బరువు కాబట్టి అడుగునే ఉంటాయి. నీళ్ళకూ డీజిల్‌కూ మధ్య పొరలో ఒకరకం సూక్ష్మజీవులు పెరుగుతాయి, గోధుమరంగు జిగురులా. మెకానిక్కులు దాన్ని నాచు అంటారు, నిజానికి నాచు కాదు. ఫిల్టరు తీసి చూస్తే కాగితం మడతల మీద కాఫీ డికాక్షన్ ఒలికినట్టు ఉంటుంది. రోజూ వాడే ట్యాంకులో ఇది పెరగడానికి టైము దొరకదు. ఎప్పుడో అవసరానికని నింపి వదిలేసిన రెండో ట్యాంకులో దొరుకుతుంది. నెలకొకసారైనా దాన్ని అడుగంటా వాడి, మళ్ళీ నింపాలి. అడుగు బిరడా విప్పి తెల్ల గాజు సీసాలో పావు లీటరు పట్టి ఐదు నిమిషాలు ఆగితే నీళ్ళ గీత కంటికి కనిపిస్తుంది. నీళ్ళు ఏమీ లేకపోతే బిరడా బిగించండి, ఉంటే డీజిల్ ఒక్కటే వచ్చేదాకా వదలండి. ఇంజిను పక్క వాటర్ సెపరేటరులో చేరిన నీళ్ళు ప్రతి ట్రిప్పుకు ముందు వదలాలి. ట్రిప్పు ముగిసిన సాయంత్రమే ట్యాంకు నింపితే, తెల్లారి నింపేదానికన్నా చెమ్మ పట్టే ఖాళీ తక్కువ.

అలా అని మూతి అంచుదాకా నింపొద్దు. డీజిల్ ఎండకు పెరుగుతుంది. 400 లీటర్లకు పదిహేను డిగ్రీల వేడి పెరిగితే ఐదు లీటర్లు ఉబ్బుతుంది. నూటికి ఐదు వంతులు ఖాళీ వదలాలి.

చేపల బండ్లకు ఇంకో శత్రువు ఉప్పునీరు. రొయ్యల పెట్టెల ఐసు కరిగి బాడీ సందుల్లోంచి ట్యాంకు పట్టీల మీదే కారుతుంది. పట్టీ కింద వేసిన రబ్బరు ఆ నీటిని స్పాంజిలా పట్టుకుంటుంది. పైకి పెయింటు మెరుస్తూనే ఉంటుంది, పట్టీ కింద ట్యాంకు గోడ గీతలా తినేసి ఉంటుంది. అల్యూమినియం ట్యాంకు, ఇనప పట్టీ జంటకు ఇది మరీ త్వరగా. ఆరు నెలలకొకసారి పట్టీలు వదులుచేసి, రబ్బరు ఎత్తి, వేలితో తడిమి చూడాలి. బాడీ నుంచి కారే నీటికి గొట్టం వేసి ట్యాంకు దాటించి వదలడం అంతకన్నా సుళువు, ఖర్చు కూడా పెద్దగా లేదు.

బీఎస్-6 బండికి పొగ శుద్ధి కోసం విడిగా పోసే యూరియా ద్రావణం సంగతి కూడా మరిచిపోతున్నారు. డీజిల్ నూరు లీటర్లకు సుమారు 5 లీటర్లు అది తాగుతుంది. 650 లీటర్ల డీజిల్‌కు 32 లీటర్ల యూరియా లేకపోతే రెండో ట్యాంకు నిండుగా ఉండగానే ఇంజిను పవర్ తగ్గించేస్తుంది. యూరియా కోసం ఎలాగూ బంకు దగ్గర ఆగినప్పుడు డీజిల్ కోసం ఆగకుండా పోయామన్న గొప్ప ఎక్కడిది?

ట్యాంకు బదులు క్యాబిన్ వెనక ప్లాస్టిక్ డ్రమ్ములు కట్టుకుని పోవడం గురించి ఎక్కువ రాయం. అది వద్దు. డీజిల్ ఆవిరి అంటుకునే వేడి 35 డిగ్రీల నుంచే మొదలు కావచ్చు. మే నెలలో తాడేపల్లిగూడెం మధ్యాహ్నం నల్ల డ్రమ్ము ఎంత వేడెక్కుతుందో చేయి పెట్టి చూడండి. పైపు నోట్లో పెట్టుకుని పీల్చిన డీజిల్ ఊపిరితిత్తుల్లోకి పోతే క్లీనరు ఆసుపత్రి పాలవుతాడు. ఇదంతా పట్టదనుకున్నా సరుకు సంగతి చూడండి. డ్రమ్ము మూత వదులై కారిన డీజిల్ థర్మోకోల్ పెట్టెను మెత్తబరుస్తుంది, లోపలి ఐసుకు, చేపకు వాసన ఎక్కిస్తుంది. ఒక్క పెట్టె వాసనకు కొనేవాడు వరసంతా పక్కన పెట్టేస్తాడు. బియ్యం బస్తాకైనా అంతే.

మరి ఎక్కువ డీజిల్ ఎవరికి కావాలి? ఘనీభవించిన రొయ్యలు మైనస్ 18 డిగ్రీల్లో కాకినాడకో విశాఖకో చేర్చే రీఫర్ బండ్లకు కావాలి. ఆ బండి ఆగినా చల్లదనం మిషను ఆగకూడదు. గంటకు 3 లీటర్ల లెక్కన ఒక రోజు రోడ్డు మూసుకుపోతే 72 లీటర్లు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను, 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళాన్ని కొట్టినప్పుడు చెట్లు పడి రోడ్లు, కరెంటు పోయి బంకులు ఎలా స్తంభించాయో ఈ రూటులో తిరిగేవాళ్ళకు తెలుసు. అక్టోబరు, నవంబరు నెలల్లో రీఫర్ బండి మిషను ట్యాంకు నిండుగానే బయలుదేరాలి, బండి ట్యాంకు సగానికి దిగకముందే నింపాలి. తుపాను హెచ్చరిక ఉంటే పెద్ద ట్యాంకు కన్నా ఒక రోజు ఆలస్యంగా కదలడమే చౌక. గువాహటి దాకా పోయే చేపల బండ్లకు పెద్ద ట్యాంకు అర్థముంది, అదీ కంపెనీ నుంచి వచ్చిందైతేనే. డెల్టాలోనే మిల్లు నుంచి గోడౌనుకు తిరిగి రాత్రికి ఇంటికొచ్చే బండికి ఏ అర్థమూ లేదు.

మేము అడిగేవి ఇవి. రెండో ట్యాంకు ఆర్డరిచ్చే ముందు ఆ బండి చివరి పది ట్రిప్పులు తీసి, ప్రతి బంకు దగ్గర ట్యాంకులో ఎంత మిగిలి ఉండగా నింపారో డ్రైవరుతో కూర్చుని రాయండి. వంద లీటర్లకన్నా తక్కువ మిగిలిన సందర్భాలు రెండో మూడో ఉంటే నింపే చోటు మార్చండి. సగానికి సగం ఉంటేనే ట్యాంకు గురించి మాట్లాడండి. ఇప్పటికే కట్టించిన బండ్లుంటే ఈ వారంలో ఒకరోజు గ్యారేజీకి పంపండి. చూడవలసినవి నాలుగు: రేకు జీఐదా కాదా, రిటర్న్ పైపు ఎక్కడికి పోతోంది, కలిపే పైపుకు రెండు వాల్వులున్నాయా, సైలెన్సరు పెట్టెకు ఎంత దూరం. జీఐ రేకైతే ఆ రోజే దించేయండి. దించాక కంపెనీ ట్యాంకు కూడా అడుగు బిరడా విప్పి కడిగించి, ఫిల్టర్లు రెండూ మార్చి పంపండి. మొదటి ఫిల్టరు వెయ్యి కిలోమీటర్లకే మళ్ళీ విప్పి చూడాలి, లైనులో మిగిలిన మడ్డి అప్పటికి అందులోకి చేరి ఉంటుంది.

ఇట్లు,
డెల్టా గ్యారేజీల మెకానిక్కులు, హౌరా రూటు డ్రైవర్లు